అడిగింది వ్యాసం, నేను కొట్టింది సగం

"ఏంటన్నా, అక్షరాలు లావెక్కాయి?" అని హెల్పర్ కుర్రాడు అడిగేదాకా నేను చూసుకోలేదు.

షాఫ్ట్ చుట్టూ సీరియల్ నంబర్, డాట్ పీన్ మార్కింగ్ (పిన్నుతో చుక్కలు పొడిచి అక్షరాలు వేయడం). ఎత్తు సరిగ్గానే ఉంది, వెడల్పు మాత్రం రెట్టింపు. యాక్సిస్ స్టెప్పులు (మోటారు ఎంత తిప్పాలో చెప్పే లెక్క) మూడుసార్లు చూశా. బెల్టు కూడా బిగించా (అనవసరంగా). తీరా చూస్తే షాఫ్ట్‌ని తిప్పే రోటరీ సెట్టింగ్‌లో వ్యాసం 50 మి.మీ. కొట్టాల్సిన చోట వ్యాసార్ధం 25 కొట్టా. పాపం మెషీన్, నేను చెప్పినట్టే షాఫ్ట్ సగం లావే అనుకుని రెట్టింపు తిప్పింది.

ఇంకోటి స్పీడ్. టార్గెట్ టెన్షన్‌లో పొద్దున్నే పెంచేశా. పిన్ను పైకి లేచేలోపే షాఫ్ట్ తిరిగిపోయి చుక్కలు గీతల్లా సాగాయి. 8 ఏదో, బి ఏదో తెలియలేదు. సగానికి తగ్గించాక చుక్క చుక్కగా పడింది.

నాలుగు షాఫ్టులు స్క్రాప్. సూపర్‌వైజర్ చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.