పత్తిలో తేమ కూడా సైన్స్ ప్రాజెక్టే

వైజ్ఞానిక ప్రదర్శన సర్క్యులర్ బడికి రాగానే పిల్లలు నన్ను అడిగే మొదటి మాట, "మేడం, ఏం మోడల్ చేద్దాం?" యూట్యూబ్‌లో చూసిన హైడ్రాలిక్ జేసీబీ, వంట సోడా వేస్తే పొంగే అగ్నిపర్వతం, థర్మాకోల్ మీద స్మార్ట్ విలేజ్. ఇవి చెయ్యొద్దని అనను, సరదాగానే ఉంటాయి. కానీ వెనిగర్ పోస్తే పొంగుతుందని ముందే తెలుసు కదా, ఇక ఆ పిల్లకి కొత్తగా తెలిసిందేంటి? అందుకే మోడల్ సంగతి తర్వాత, ముందు ఇంట్లోనో చేనులోనో మీకు అర్థం కాని విషయం ఏదన్నా ఉంటే రాసుకురండి అంటాను.

మాది వరంగల్ వైపు, పత్తి పండే ఊరు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి రాసుకొచ్చింది: "మా బాపు పత్తి అమ్మబోతే తేమ ఎక్కువుందని ధర తగ్గించిండ్రు. ఇంటికాడ పట్టుకుంటే పొడిగనే ఉండె. మరి తేమ ఏడికెళ్లి వచ్చింది?"

ఇంతకంటే మంచి ప్రశ్న ఏం కావాలి! పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ లెక్కలో తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన 12 దాకా కోత, 12 దాటితే కొననే కొనరు. చేత్తో పట్టుకుని ఈ తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు.

ముందు ఒకే కుప్పలోని పత్తిని సంచిలో వేసి, పొద్దున మంచు ఆరకముందు ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఆరబోశాక ఒకసారి తూచారు. తూకం తగ్గింది. గాలిలోని తేమని పత్తి పీల్చుకుంటుంది, ఎండకి వదిలేస్తుంది, పుస్తకంలో ఇది ఒక్క వాక్యం, కానీ తమ ఇంటి పత్తి తూకం తమ కళ్ల ముందే తగ్గడం చూసిన పిల్లలకి అది ఇక మరిచిపోయే విషయం కాదు. ఎండలో ఎంత ఆరబెట్టినా కొంత తేమ మిగులుతుంది కాబట్టి, ఊళ్లో బేకరీ ఆయన్ని బతిమాలి ఓవెన్‌లో తక్కువ వేడి మీద పెట్టించి, బరువు ఇక తగ్గదు అనేదాకా మళ్లీ మళ్లీ తూచాం.

అసలు మజా అక్కడ మొదలైంది. 100 గ్రాములు 90కి వచ్చాయి. ఒకడు తేమ 10 శాతం అన్నాడు, ఆ అమ్మాయి 11.1 అంది. ఇద్దరూ పోట్లాడుకున్నారు. వాడు పోయిన పదిని 100తో భాగించాడు, ఈమె ఎండిన పత్తి బరువు 90తో భాగించింది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే, ఏది వాడారో చెప్పకపోతే అంకెకి అర్థం లేదు. నేను వెంటనే చెప్పేయలేదు, ఒక పీరియడ్ మొత్తం వాళ్లనే వాదించుకోనిచ్చాను. గైడ్ టీచర్ పని చాలావరకు ఇదే అనుకుంటాను, నోరు మూసుకుని కూర్చోవడం కష్టమే అయినా.

ప్రదర్శనలో ఒక జడ్జి "వర్కింగ్ మోడల్ లేదా?" అని అడిగారు. అమ్మాయి రిజిస్టర్ తెరిచి, కొట్టివేతలతో సహా తూకాలన్నీ చూపించి, పొద్దున ఏరిన పత్తిని వెంటనే బస్తాలో ఎందుకు తొక్కకూడదో గడగడా చెప్పింది. బహుమతి రాలేదు, నాకు బాధేసింది కూడా. మోడల్ ఎంత మెరిసిందన్నదానికంటే పిల్లలు ఏం కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు అన్నదానికి మార్కులు పడాలని గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు వాళ్ల గొడవ ఇంకోటి. టార్పాలిన్ మీద ఆరబోస్తే త్వరగా ఆరుతుందా, సిమెంటు గచ్చు మీదనా? బడిపిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మనక్‌కి ఐడియాగా పంపుదామంటున్నారు. ముందు రెండు చోట్లా ఒకే మందంలో పరవండి, లేకపోతే పోల్చడానికి ఉండదు అని చెప్పి పంపాను.