ఈసీజీకి దొరకని దడ

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. సీజన్లో మా దగ్గర ఎవరికి ఏం వచ్చినా, దగ్గయినా తలనొప్పయినా, ఘాటు మీదకే తోసేస్తాం. నా గుండెదడ కూడా చాలాకాలం ఆ ఖాతాలోనే పడింది.

పరిగెత్తితే వచ్చే దడ కాదది. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే చెవికి వినపడేది. కాటా దగ్గర వంగి టిక్కీ (మిర్చి బస్తా) నంబరు చూసి లేస్తే కళ్లు చీకట్లు కమ్మేవి. మధ్యాహ్నం అయ్యేసరికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు. నాడి మాత్రం 84, 86. అందులో తప్పుపట్టేదేమీ లేదు. ముందు చూపించుకున్నచోట ఈసీజీ, ఎకో తీసి అంతా నార్మల్ అన్నారు. గ్యాస్ అని బిళ్లలు రాశారు.

తర్వాత చూసిన డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు. టీఎస్‌హెచ్ 8.4 వచ్చింది. మామూలుగా 4.5 లోపు ఉండాలట. థైరాయిడ్ తయారుచేసే హార్మోను టీ4 మాత్రం సరిగ్గానే ఉంది. పని చేయమని థైరాయిడ్‌కి మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి పంపే ఆర్డరే టీఎస్‌హెచ్. థైరాయిడ్ కాస్త మందగిస్తే ఆర్డరు గట్టిగా వస్తుంది. ఆ ఒత్తిడి మీద ఇంకా సరుకు దిగుతోంది కాబట్టి టీ4 తగ్గలేదు. కొట్టులో చెబితే, “అది ఆడవాళ్ల జబ్బు కదన్నా!” అని నవ్వారు. ఆడవాళ్లలో ఎక్కువే, మగవాళ్లని వదిలేస్తుందని ఎవరు చెప్పారు?

“థైరాయిడ్ తగ్గితే గుండె నెమ్మదించాలిగా సార్, దడేంటి?” అని అడిగాను. అప్పుడు ఇంకో పరీక్ష చేశారు. బల్ల మీద పడుకోబెట్టి, ఈసీజీ వైర్లు తగిలించి, అయిదు సెకన్లు పీల్చు, అయిదు సెకన్లు వదులు అన్నారు. నిమిషానికి ఆరు ఊపిరులు. పీల్చినప్పుడు గుండె వేగం పెరగాలి, వదిలినప్పుడు తగ్గాలి. ఆ తేడా నిమిషానికి 15 దాటితే మంచిది, 10, అంతకు తక్కువైతే లోపం ఉన్నట్టే. నాకు 8 వచ్చింది. ఎద్దుకి రెండు పగ్గాలున్నట్టు గుండెకి రెండు రకాల నరాలు: సింపథెటిక్ తోలుతుంది, వేగస్ నిలేస్తుంది. నాకు నిలేసేది వదులైంది. నాడి లెక్కపెడితే అది తెలియదు, అందుకే మామూలు ఈసీజీలో దొరకలేదు. థైరాయిడ్ కొద్దిగా తగ్గినవాళ్లలో వేగస్ పట్టు సడలడం చాలా అధ్యయనాల్లో కనిపించిందట, అయితే అందరిలో కాదు. షుగరు వల్ల కూడా ఇలా అవుతుందని ఆ పరీక్షా చేశారు. షుగరు లేదు.

మందు వెంటనే ఇవ్వలేదు. ఈ టీఎస్‌హెచ్ అంకె ఒక్కోసారి దానంతటదే దిగుతుందట. రెండు నెలలాగి మళ్లీ చూస్తే 9.6, పైగా థైరాయిడ్ మీద ఒంట్లోని యాంటీబాడీలే దాడి చేస్తున్నట్టు తేలింది. అప్పుడు థైరాయిడ్ హార్మోను బిళ్ల, లెవోథైరాక్సిన్, 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి తర్వాత 50 చేశారు. పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీ అరగంట ఆగాలి, ఐరన్, కాల్షియం బిళ్లలైతే నాలుగు గంటలు. నాకు అన్నిటికన్నా కష్టం కాఫీ ఆపడమే. గ్లాసు చేత్తో పట్టుకుని మా ఆవిడ గడియారం వైపు చూసేది.

దడ ఒక్కసారిగా పోలేదు. మందు మార్చాక ఆరు వారాలైతే గాని రక్తంలో సంగతి తేలదు, ఒంటికి ఇంకా ఆలస్యం. ముందు మధ్యాహ్నపు నీరసం తగ్గింది, తర్వాత ఎడమవైపు పడుకోగలిగాను. ఇప్పుడు టీఎస్‌హెచ్ 2.7, ఊపిరి పరీక్షలో 13. పూర్తిగా బాగైనట్టు కాదు, దారిలో ఉన్నట్టు. ఇందులో బిళ్ల వాటా ఎంతో, రోజూ సాయంత్రం నడవడం వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. ఇంకాస్త ఎక్కువ వేసుకుంటే ఇంకా త్వరగా తగ్గదా అని అడిగితే డాక్టరుగారు గట్టిగానే కోప్పడ్డారు. మోతాదు మించితే గుండె లయ తప్పుతుందట, ఎముకలు గుల్లబారతాయట.

ఇది కుటుంబాల్లో నడుస్తుందని మా చెల్లెలికీ పరీక్ష చేయించాం. టీఎస్‌హెచ్ 5.3 వచ్చింది, యాంటీబాడీలు లేవు, దడా లేదు. మందు అక్కర్లేదు, మళ్లీ వచ్చి చూపించుకోమన్నారు. “అన్నయ్యకేమో బిళ్ల, నాకేమో వాయిదానా?” అని అది ఇప్పటికీ అలుగుతూనే ఉంది.