పుస్తకం పదోసారి కళ్లకద్దుకుంటుంటే

అమెరికాలో పుట్టి సెలవులకు హన్మకొండ వచ్చిన పిల్లకు, పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవాలని నాయినమ్మ నేర్పుతుంది. ఒకసారి అద్దుకుని మళ్లీ ఆటలో పడితే అది మర్యాద. "సరిగ్గా అద్దుకోలేదేమో, అమ్మకు ఏమన్నా అయితదేమో" అని పదిసార్లు అద్దుకుంటుంటే మాత్రం అక్కడ పనిచేస్తున్నది భయం.

అద్దుకున్న క్షణాన మనసు తేలికపడుతుంది. అందుకే మళ్లీ చేయాలనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు ప్రేమగా అనే "ఏం గాదు బిడ్డా" కూడా అచ్చం ఇలాగే పనిచేస్తుంది. కాసేపటికే అదే ప్రశ్న తిరిగొస్తుంది. భయపడ్డప్పుడల్లా దిష్టి తీసినా అంతే. ఊళ్లో దిగిన రోజు ఉప్పు, మిరపకాయలతో ఒకసారి తీస్తే చాలు.

"ఆ ఆలోచన మానెయ్" అన్నా లాభం లేదు. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దంటే అదే పదేపదే గుర్తుకొస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డానియల్ వెగ్నర్ బృందం 1987లో ప్రయోగం చేసి చూపింది.

పిల్ల నిమ్మళంగా ఉన్నప్పుడే ఒప్పందం చేసుకోండి. భయం అడిగే ప్రశ్నకు ఇక ఒకటే మాట: "ఇది నీ భయం అడుగుతున్నది బిడ్డా. దానికి జవాబు చెప్ప. నీ పక్కన్నే కూసుంట." రెండోసారి అద్దుకోవడాన్ని రెండు నిమిషాలు వాయిదా వేయించండి. అది అలవాటయ్యాక ఐదు, ఆ తర్వాత పది. చాలాసార్లు గడువు తీరేసరికి ఆ తహతహ దానంతటదే సన్నగిల్లుతుంది.

ఆ కాసేపు చేతులకు పని కావాలి. సర్వపిండి గిన్నెకు ఒత్తి, వేలితో బొక్కలు పెట్టమనండి. లేదా కనిపించే ఐదు వస్తువుల పేర్లు తెలుగులో చెప్పమనండి. చాట, జల్లెడ, రోలు అని మాట కోసం వెతుక్కుంటుంటే దృష్టి అటు మళ్లుతుంది. అయితే "ఐదూ చెప్పకపోతే చెడు జరుగుతది" అని పిల్ల అన్నదంటే ఇదీ తంతుగా మారినట్టే. వెంటనే ఆపేయండి. ఊరకే పక్కన కూర్చోవడం నయం.

మొదటి రోజుల్లో ప్రశ్నలు పెరుగుతాయి, బెంబేలెత్తకండి. నాయినమ్మ చెప్పకపోతే మేనత్తను అడుగుతుంది, ఆమె కూడా చెప్పకపోతే డాలస్‌లోని నాన్నకు ఫోన్ చేస్తుంది. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే ఎండాకాలంలో అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. ఆఫీసు హడావుడిలో ఆయన "ఏం కాదులే" అని పెట్టేస్తే కథ మొదటికొస్తుంది. ముందే ఆయనకూ ఆ ఒక్క మాటే నేర్పాలి.

ఈ ఆలోచనలు, పనులు రోజుకు గంటకు మించి తినేస్తున్నా, నిద్ర, చదువు దెబ్బతింటున్నా మానసిక వైద్యులకు చూపించండి. ఇక్కడున్నప్పుడు ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. అక్కడికి వెళ్లాక, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ (భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, అది చేయమన్న పని చేయకుండా ఉండటం నేర్పే చికిత్స) తెలిసిన థెరపిస్ట్‌ను వెతకండి. పుస్తకం కళ్లకద్దుకోవడం మన ఇళ్లలో మామూలే అని మొదటి రోజే చెప్పండి. చికిత్సలో భాగంగా ఆ ఒక్కసారి కూడా కొన్నాళ్లు మానమనవచ్చు. అప్పుడు నాయినమ్మకు మీరే ఫోన్ చేసి, పిల్ల వినకుండా, ఎందుకో వివరించండి.