ఆటగాళ్లకు నిబంధనలు ఎంతవరకు చెప్పాలి: గేమ్ మాస్టర్‌గా నా అనుభవం

కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించడం మొదలుపెట్టినప్పుడు, నిబంధనలేవీ ఆటగాళ్లకు చెప్పకూడదని ముందుగానే నిశ్చయించుకున్నాను. వచ్చినవాళ్లు నలుగురు: మా బాబాయి కూతురు, ఆఫీసులో నాతో పనిచేసే మిత్రుడు, ఆయన భార్య, పక్క ఫ్లాట్‌లో ఉండే డిగ్రీ కుర్రాడు. ఒక్క మిత్రుడు తప్ప తక్కినవారెవరూ ఇలాంటి ఆట పేరైనా వినలేదు. గేమ్ మాస్టర్ అనే వ్యక్తి ఒక లోకాన్ని, అందులోని ఊళ్లను, శత్రువులను నడిపిస్తాడని, మిగతావాళ్లు తలా ఒక పాత్రను ధరించి ఏం చేయదలచుకున్నారో నోటితో చెబుతారని, ఆ పని అవుతుందో లేదో సందేహంగా ఉంటే ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి పాత్ర నైపుణ్యాన్ని బట్టి ఒక అంకె కలిపి, మొత్తం నిర్ణీత సంఖ్యను అందుకుంటే పని అయినట్టు లెక్కిస్తామని మాత్రం చెప్పాను. లెక్కలన్నీ నేను చూసుకుంటాను, మీరు కథలో ఉండండి చాలు అన్నాను.

ఈ ఆలోచన నా సొంతం కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను వెలువరించిన కొన్నేళ్లకు, 1978లో ఆటగాళ్ల పుస్తకం, 1979లో గేమ్ మాస్టర్ పుస్తకం విడివిడిగా వచ్చాయి. దెబ్బ తగిలిందో లేదో తేల్చే పట్టికలను ఆటగాళ్ల పుస్తకంలో కాక రెండోదానిలో పెట్టారు. అంటే కత్తి పట్టుకున్నవాడికి తన కత్తి లెక్క తెలియనవసరం లేదన్నమాట. ఆ పుస్తకాన్ని దగ్గర పెట్టుకున్న ఆటగాడు గౌరవప్రదమైన మరణానికి కూడా తగడన్న ధోరణిలో గైగాక్స్ ముందుమాటలో ఒక చురక కూడా వేశాడు. 1984లో వచ్చిన పారనోయా అనే ఆట దీన్నే హాస్యంగా మార్చి, నిబంధనలు తెలిసినట్టు కనబడటమే రాజద్రోహమని ప్రకటించింది. నేను హాస్యాన్ని వదిలేసి, చాదస్తాన్ని మాత్రం పట్టుకున్నాను.

మొదటి ఆదివారం మూడో గంటలో దాని ఫలితం కనబడింది. అడవి దారిలో గాబ్లిన్లనే పొట్టి రాక్షసుల గుంపు మీద పడింది. మా చెల్లెలి పాత్ర ఒక విజార్డ్. మంత్రాలు వస్తాయి గానీ ఒంట్లో బలం తక్కువ. అప్పటికి ఆమెకు మిగిలిన ప్రాణబలం, ఈ ఆట భాషలో హిట్ పాయింట్లు, 5 మాత్రమే, ఆమె ముందు కత్తులు దూసి నిలబడినవి రెండు గాబ్లిన్లు. తన వంతు రాగానే ఆమె ఎంతో తెలివిగా, "నేను వెనక్కి పరిగెత్తి ఆ చెట్టు చాటుకు పోయి, అక్కడి నుంచి మంత్రం వేస్తాను" అంది. నేను సరేనని తల ఊపి, పాచిక తీసుకుని వేశాను. శత్రువు చేతికందే దూరం నుంచి ఊరికే తొలగిపోతే, పోతున్నవాళ్ల మీద ఆ శత్రువు ఒక దెబ్బ వేయవచ్చన్నది ఈ ఆటలో నిబంధన. ఆ దెబ్బ తప్పించుకోవాలంటే ఆ వంతులో మరో పని మానుకుని, జాగ్రత్తగా వెనకడుగు వేస్తున్నానని చెప్పాలి. మొదటి గాబ్లిన్ దెబ్బకే ఆమె పడిపోయింది. రెండోదానికి పని పడలేదు.

"ఇలా అవుతుందని ముందే చెప్పొచ్చు కదా అన్నయ్యా?"

యుద్ధమంటే అలాగే ఉంటుందని ఏదో అన్నాను. మిత్రుడి భార్య పాత్ర వైద్యం చేసే క్లెరిక్ కాబట్టి వెంటనే లేపింది, ఆట సాగింది, అయితే మా చెల్లెలు ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. ఆ రెండు వారాలూ నన్ను వేధించింది ఆమె అలక కాదు. ఏళ్ల తరబడి విద్య నేర్చి, కత్తులు తిరిగే లోకంలో బతుకుతున్న ఆ విజార్డ్‌కు, రెండు కత్తులకు వీపు చూపించి పరిగెడితే ఏమవుతుందో తెలియకుండా ఉంటుందా? తెలియనిది కొండాపూర్‌లో సోఫా మీద కూర్చున్న మా చెల్లెలికి. పాత్ర కళ్లకు కనబడుతున్న ప్రమాదాన్ని నేను ఆటగాడి నుంచి దాచి, దానికి రహస్యమని పేరు పెట్టుకున్నాను.

సరే, తప్పు తెలిసింది కదా అని రెండో కొసకు పరిగెత్తాను. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో యుద్ధ నిబంధనలన్నీ ఆటగాళ్ల పుస్తకంలోనే ఉన్నాయి గానీ, అది మూడు వందల పేజీలు దాటినది, ఎవరూ చదవరు. అందుకని నాలుగు రాత్రులు కూర్చుని తొమ్మిది పేజీల సారాంశం తయారుచేసి, జిరాక్స్ షాపులో నాలుగు కాపీలు తీయించి, స్పైరల్ బైండింగ్ కూడా చేయించి పంచాను. మా చెల్లెలు దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకుంది. మిత్రుడు మాత్రం నా తొమ్మిది పేజీలతో తృప్తి పడక అసలు పుస్తకమే కొనుక్కుని, వరుసగా చదివి, ప్రతి వంతులోనూ "రూల్ ప్రకారం అయితే" అని మొదలుపెట్టాడు. ఆయన చెప్పేది చాలాసార్లు సరైనదే. అదే చిక్కు, ఎందుకంటే తప్పయితే కాదని చెప్పి ముందుకు పోవచ్చు.

అంతకంటే పెద్ద నష్టాన్ని నేను ఆలస్యంగా గమనించాను. సారాంశం ఇవ్వకముందు, రెండో ఆదివారం, ఒక వంటశాలలో గాబ్లిన్లు చుట్టుముట్టినప్పుడు పక్క ఫ్లాట్ కుర్రాడు, "అన్నా, ఇది వంటగది కదా, కారం ఉంటుంది కదా?" అని అడిగి, ఉంటుందన్నాక, గంపెడు కారం ఎత్తి వాటి కళ్లలో కొట్టాడు. దానికి పుస్తకంలో నిబంధన లేదు. అప్పటికప్పుడు ఆలోచించి, ఆ గాబ్లిన్లు తర్వాతి వంతులో రెండు పాచికలు వేసి తక్కువ పడినదే తీసుకోవాలని తేల్చాను. ఆ రోజంతా అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. స్పైరల్ పుస్తకం వచ్చాక అదే కుర్రాడు పిండి మిల్లులో, తల మీద తాళ్లకు మూటలు వేలాడుతుండగా, రెండు నిమిషాలు పేజీలు తిప్పి, "కత్తితో కొడతాను" అన్నాడు. తర్వాత ఆ మూటల సంగతి అడిగితే, "అవి చూశానన్నా, కానీ నా లిస్టులో అలాంటి యాక్షన్ లేదు" అన్నాడు. చేయదగినవాటిలో కొన్నిటిని నేను కాగితం మీద రాసిచ్చేసరికి, రాయనివన్నీ చేయకూడనివని అతనికి అనిపించింది. అంతా చెప్పెయ్యడమే నిజాయితీ అని వాదించేవాళ్లకు నేను ఈ మూటల సంగతే చెబుతాను.

ఈ రెండు కొసల మధ్య దారి నాకు ఏ పుస్తకంలోనూ కాక, మా అమ్మమ్మ అష్టా చెమ్మా నేర్పిన పద్ధతిలో దొరికింది. నేల మీద సుద్దతో ఐదు వరసల ఐదు గళ్లు గీసి, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు చేతిలో పెట్టి ఆడించేది. నాలుగూ ఒకవైపు పడితే చెమ్మా, నాలుగూ రెండోవైపు పడితే అష్టా, పడినప్పుడల్లా మరో పందెం అన్నంత వరకే మొదట చెప్పింది. ఎదుటివాడి కాయ ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్లలోకి పోకూడదన్న అసలు మెలికను, నా కాయ బయటి చుట్టు సగం తిరిగాక, "నువ్వింకా ఒక్క కాయా చంపలేదు, అలాగే వస్తే లోపలికి రానివ్వను, చూసుకో" అని చెప్పింది. ముందుగా చెబితే నాకు అర్థమయ్యేది కాదు. గుమ్మం దాకా వచ్చాక చెబితే మోసమని ఏడ్చేవాణ్ని. దారి మార్చుకోవడానికి ఇంకా వీలుండగా చెప్పడం ఆమె నేర్పు.

అప్పటి నుంచి ఎవరైనా ఏదైనా చేస్తానన్నప్పుడు, పాచిక ముట్టుకోకముందే, ఆ పాత్రకు తెలిసి ఉండే పర్యవసానాన్ని నేనే చెప్పడం అలవాటు చేసుకున్నాను. మాటలతో పాటు అంకె కూడా చెప్పాలని మరో పొరపాటు తర్వాత తెలిసింది. వానకు తడిసిన కోటగోడ ఎక్కుతానన్న మిత్రుడితో "కష్టమే" అన్నాను. ఈ ఆట లెక్కలో మధ్యరకం పని 15, కష్టమైన పని 20. నేను 20 అనుకుని అన్నాను, ఆయన 15 అనుకుని విన్నాడు. ఆయన నైపుణ్యం 3 కాబట్టి, 15 అయితే పాచిక మీద 12 పడినా చాలు, అంటే నూటికి 45 వంతుల అవకాశం. 20 అయితే 17 పడాలి, అవకాశం 20 వంతులు. కిందపడి మూడు ఎముకలు విరిగాక, "ఇరవై అని తెలిస్తే తాడు అడిగేవాణ్ని గురూ" అన్నాడు. గోడ కింద నిలబడ్డ మనిషి దాని జారుడును కంటితో అంచనా వేసుకుంటాడు. బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఆ కన్ను అంకె ఒక్కటే. 2017లో పుస్తకంగా వచ్చిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అనే ఆటలో, పాచిక వేయకముందే పరిస్థితి అదుపులో ఉందా, ప్రమాదకరమా, తెగింపా అన్నది గేమ్ మాస్టర్ చెప్పి తీరాలి. ఆ పద్ధతిని మా బల్లకు తెచ్చుకున్నాను.

అలాగని లోకంలోని రహస్యాలను కూడా విప్పలేదు. గది తలుపు వెనక ఏముందో, రాజుగారి మంత్రి ఎవరి పక్షమో, ఎదురుగా ఉన్న శత్రువుకు ఎన్ని హిట్ పాయింట్లు మిగిలాయో చెప్పను. నిబంధనకూ రహస్యానికీ మధ్య ఇరుక్కుని నన్ను కొన్ని వారాలు తికమక పెట్టింది ట్రోల్ అనే రాక్షసజీవి. దాని గాయాలు వంతు వంతుకూ పూడుకుపోతాయి. నిప్పుగానీ యాసిడ్‌గానీ తగిలితే తప్ప ఆగవు. ఆటకు కొత్తవాళ్లు దాన్ని కనిపెట్టడంలో సరదా ఉంది. కానీ మిత్రుడికి ముందే తెలుసు. పాపం, తెలియనట్టు మూడు వంతులు కత్తితోనే కొట్టి, నాలుగో వంతులో "అనుకోకుండా" కాగడా జారవిడిచాడు. అంత చెత్త నటన నేను చూడలేదు, ఆయన కూడా తర్వాత విసుక్కున్నాడు. ఏ పాముకు విషం ఉందో, దేనికి లేదో మన పల్లెల్లో పిల్లలు కూడా చెబుతారు. ట్రోళ్లు తిరిగే కొండ కింద పుట్టిన మనిషికి నిప్పు సంగతి తెలియదంటే ఎలా? తర్వాతిసారి ట్రోల్ వచ్చినప్పుడు ఆ సంగతి మొదటే అందరికీ చెప్పి, జోరువాన కురిపించాను. కాగడాలు ఆరిపోయాయి, నూనె సీసా ఒక్కటే మిగిలింది, ఎక్కడ వెలిగించాలన్నదే ఆ పూటంతా సమస్య. దాచినప్పటి కంటే ఇదే ఎక్కువ ఉత్కంఠగా సాగింది.

స్పైరల్ పుస్తకాలను వెనక్కి తీసుకుని, తలా ఒక అరపేజీ కాగితం ఇచ్చాను. వంతులో ఎంత కదలవచ్చు, ఒక పని ఏం చేయవచ్చు, శత్రువు పక్క నుంచి తొలగితే ఏమవుతుంది, పడిపోతే ఏమవుతుంది అన్నవి అందులో ఉంటాయి. పైన పెద్ద అక్షరాలతో, ఇందులో లేనివి నన్ను అడగండి అని రాశాను. కుర్రాడు మళ్లీ వంటగదులు వెతకడం మొదలుపెట్టాడు. మిత్రుడికి ఒక పని అప్పగించాను: ఆట మధ్యలో నాకేదైనా నిబంధన గుర్తు రాకపోతే ఆయన చూసి చెప్పాలి, అడగనిదే చెప్పకూడదు. రెండో సగాన్ని ఆయన పూర్తిగా పాటిస్తున్నాడని అనలేను.

ఒక్క విషయం ఇంకా తేలలేదు. పడిపోయిన పాత్ర వంతు వంతుకూ ఒక పాచిక వేస్తుంది. 10 లేదా అంతకు మించి పడితే బతుకు వైపు ఒక గీత, తక్కువైతే చావు వైపు ఒక గీత, ఏవైపు ముందు మూడు గీతలు పడితే అది ఖాయం. ఆ పాచిక అందరికీ కనబడాలంటుంది మా చెల్లెలు, నాకొక్కడికే కనబడాలంటాడు మిత్రుడు. ప్రస్తుతానికి పడిపోయినవాళ్ల ఇష్టానికి వదిలేశాను. మొన్న కుర్రాడు పడిపోయి దాచమన్నాడు. మూడు వంతుల్లో నా అట్ట తెర వెనక 14, 11, 17 పడ్డాయి. అతనికి ఇక ప్రాణభయం లేదని నాకొక్కడికే తెలుసు. మా చెల్లెలు అది తెలియక, తన విజార్డ్ దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఔషధం పట్టుకుని, రెండు ఓర్కు రాక్షసుల నడుమ నుంచి పోతానంది. "తొలగితే రెండూ కొడతాయి" అన్నాను. "తెలుసన్నయ్యా" అని పాచిక నా చేతిలో పెట్టింది.