ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకున్నారు

ప్రభువునందు ప్రియులందరికీ వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక చెల్లి నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, పొద్దున్నే మా గుమ్మం ముందు కోసిన నిమ్మకాయ, కుంకుమ కనబడ్డాయి. మాకెవరో చేయించారు. ఏ కీర్తన ఎన్నిసార్లు చదివితే పోతుంది?" అంది. చేతులు చల్లబడిపోయి ఉన్నాయి. ఆ చేతులు పట్టుకుని ప్రార్థన చేశాను గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ "ఎన్నిసార్లు" అన్న మాట నన్ను వదల్లేదు.

ద్వితీయోపదేశకాండము 18 మనకు కంఠతా వచ్చు. సోదెగాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, కర్ణపిశాచి నడిగేవాడు మన మధ్య ఉండకూడదని చదువుతాం, అవన్నీ బయటివాళ్ల సంగతులనుకుంటాం. గలతీ 5:20లో 'అభిచారము' అన్న మాటను 'వ్యభిచారము' అని చదివేసి ముందుకు పోవడం కూటాల్లో ఎన్నోసార్లు విన్నాను. అది చేతబడి, మంత్రతంత్రాల మాట. పౌలు దాన్ని రాసింది సంఘానికే.

అపొస్తలుల కార్యములు 19 తీయండి. ఎఫెసు మంత్రాలకు పేరుపడ్డ ఊరు. 'ఎఫెసు అక్షరాలు' అని అర్థంలేని మాటలు కొన్ని ఉండేవి. జనం వాటిని జపించేవారు, రాసి ఒంటికి కట్టుకునేవారు. ఒక ఎఫెసు వస్తాదు వాటిని చీలమండకు కట్టుకుని ఒలింపియాలో కుస్తీ పట్టాడని గ్రీకులు కథగా చెప్పుకునేవారు. కట్టుకున్నంతసేపూ గెలిచాడట, విప్పించాక వరసగా ఓడాడట. మన తాయెత్తుకూ దానికీ తేడా ఏముంది? దయ్యాన్ని వెళ్లగొట్టబోయిన స్కెవ అనే యూదుల యాజకుడి కొడుకులు ఏడుగురూ యేసు నామాన్ని కూడా అలాంటి మాటే అనుకున్నారు, సరిగ్గా పలికితే పనిచేస్తుందనుకున్నారు. "యేసును గుర్తెరుగుదును, పౌలునుకూడ ఎరుగుదును, గాని మీరెవరు" అని దయ్యమే అడిగింది. తలగడ కింద బైబిలు పెట్టుకుని, తెరవకుండానే పడుకునే మనల్ని కూడా అదే మాట అడగొచ్చు. జనవరి 1న ఆ ఏటికి దేవుని వాగ్దానంగా వాక్యం రాసి ఉన్న వాగ్దాన కార్డు తీసి, నచ్చకపోతే లోపల పెట్టేసి ఇంకోటి తీసేవాళ్లను నేను చూశాను. అది దేవుని మాట వినడమా, చిలక జోస్యమా?

అయితే నా మనసంతా ఆ అధ్యాయంలో 18, 19 వచనాల దగ్గరే ఉంటుంది. మంత్రం పుస్తకాలు తెచ్చి అందరి ఎదుటా కాల్చేశారని అక్కడ ఉంది. వాటిని తెచ్చింది ఎవరు? "విశ్వసించినవారు అనేకులు వచ్చి" అని ఉంది. అంటే అప్పటికే నమ్మినవాళ్లు! పౌలు అక్కడ తురన్ను అనే ఒకాయన పాఠశాలలో రెండేళ్లు వాక్యం చెప్పాడు. వినేవాళ్లలో ఎందరి ఇళ్లలో ఆ పుస్తకాలు అలాగే ఉండిపోయాయో! ఎప్పుడైనా అవసరం పడుతుందేమోనని దాచుకుని ఉంటారు. వాటి వెల యాభై వేల వెండి రూకలు. ఒక రూక అంటే ఇంచుమించు ఒక రోజు కూలి. మన లెక్కలో రోజుకు 500 వేసుకున్నా రెండున్నర కోట్లు. అమ్మి కానుక పెట్టెలో వేద్దామని ఒక్కరూ అనలేదు. ఇంకోడి చేతికి పోకూడదని కాల్చేశారు.

ఇంకొకటి చూడండి. ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకున్నారు. పక్కింటివాడి ఇల్లు ఎవరూ సోదా చేయలేదు, ఫలానా ముసలమ్మ మంత్రగత్తె అని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ మంటలో కాలింది కాగితాలే. 1692లో అమెరికాలోని సేలంలో బైబిలు చదివేవాళ్లే మంత్రవిద్య నేరం మోపి 19 మందిని ఉరితీశారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి అని, మన్యంలో చిల్లంగి అని అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

నేను ఎవర్నీ చంపలేదు. కానీ మా అబ్బాయికి మూడేళ్లప్పుడు జ్వరం ఎన్నాళ్లకూ తగ్గకపోతే, ప్రార్థన చేయడానికి వచ్చిన ఒకాయన కళ్లు మూసుకుని "మీ ఇంటి ఆడమనిషే చేయించింది" అన్నాడు. పేరు చెప్పలేదు. ఆ పేరు నా మనసే చెప్పింది. మా తోడికోడలు అంతకు ముందు వారమే సున్నుండలు పంపింది. డబ్బాలో ఉన్నవన్నీ చెత్తకుప్పలో పోసొచ్చాను. తర్వాత రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది, మందులతో తగ్గింది. అయినా రెండేళ్లు ఆ అక్క గుమ్మం తొక్కలేదు. మూత మీద ఆవిడ పేరు చెక్కిన ఆ స్టీలు డబ్బా మా అటక మీద ఉండిపోయింది. అదే నా మంత్రం పుస్తకం. అది చేతబడి కాకపోతే మరేమిటి? ఒక మాట నోట పలికారు, ఒక కుటుంబం విడిపోయింది.

ఆ రెండేళ్ల తర్వాత వచ్చిన క్రిస్మస్‌కు డబ్బా కడిగి, అరిసెలు నింపి తీసుకెళ్లాను. "తాము చేసినవాటిని తెలియజేసి యొప్పుకొనిరి" అన్న వాక్యం వెనక నుంచి తోస్తుంటే అంతా చెప్పేశాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. మూత మీద తన పేరును వేలితో రుద్దుతూ కూర్చుంది. తర్వాత, "బాబు ఇప్పుడు తింటాడా సున్నుండలు?" అని అడిగింది.

చెల్లీ, నువ్వు ఇది చదువుతుంటే విను. ఆ నిమ్మకాయను చీపురుతో ఊడ్చి పారేసి, గుమ్మం కడుక్కో. 91వ కీర్తన చదువు, ఒక్కసారే చదువు, ఎవరితో మాట్లాడుతున్నావో ఎరిగి చదువు. దాన్ని చూడగానే నీ మనసులోకి ఎవరి పేరు వచ్చిందో, ఆ పేరు మాత్రం ఎవరి దగ్గరా అనకు.