బొప్పాయి మొదట్లో 143 గుడ్లు

రాత్రి వాన వెలిశాక పెరట్లో బొప్పాయి మొదట్లో మట్టి కాస్త కదిలించాను. లేత పసుపు రంగులో, సగ్గుబియ్యంలా నత్త గుడ్ల కుప్ప! కూర్చుని లెక్కపెట్టాను: 143. పక్కనే అరచేయంత ఆఫ్రికా నత్త. మొన్న పూలకుండీ కింద చిన్న నత్త దగ్గర దొరికినవి 50 కూడా లేవు.

ఒళ్లు పెద్దదైతే గుడ్లూ ఎక్కువే. వీటిలో ఆడా మగా వేరుగా ఉండవు. లేతప్పుడు మగ పాత్ర మాత్రమే, పెరిగాక రెండూ. జతలో ఒకటి పెద్దదైతే గుడ్లు పెట్టేది ఎక్కువగా అదే. ఈడుకొచ్చాక ఎదుగుదల నెమ్మదిస్తుంది, తిన్న తిండి గుడ్లకు పోతుంది కదా. ప్రహరీ మీది సున్నం ఎందుకు గీకేస్తున్నాయో ఇప్పుడు అర్థమైంది. గుల్లకీ గుడ్ల పెంకుకీ కాల్షియం కావాలి.

1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో వదిలిన జాతి ఇది. ఇవాళ నా తోటకూర మడిలో ఉంది.

గ్లౌజులు వేసుకుని ముందు పెద్దవాటినే ఏరుతున్నాను. ఉప్పునీళ్ల బకెట్‌లో వేసేటప్పుడు మనసు చివుక్కుమంటోంది. కానీ మొలకలు ఒక్కటీ మిగలట్లేదు. ఈ రాత్రి మళ్లీ టార్చి పట్టుకుని వెళ్లాలి.