వాన ఉంది, వాగు లేదు
కొమొరోస్ అంటే ఆఫ్రికా తూర్పు తీరానికి అవతల హిందూ మహాసముద్రంలో ఉన్న దీవుల దేశం. ఆ పేరు అనగానే అందరూ లావా గురించే అడుగుతారు. నన్నడిగితే అక్కడ అసలు సంగతి నీళ్లది. గ్రాండ్ కొమోర్ దీవిలో వాన దంచికొడుతుంది, అయినా ఏడాది పొడుగునా పారే వాగు ఒక్కటీ లేదు. అక్కడి 2,361 మీటర్ల కర్తాలా అగ్నిపర్వతం పోసిన లావా ఇంకా కొత్తది, అంతా బొరియలే. పడ్డ నీరు పడ్డట్టే ఇంకిపోతుంది. తీరంలో బావి తవ్వితే ఉప్పు బెడద, ఎక్కువ తోడితే మరీనూ.

అందుకే పల్లెల్లో ఇంటికప్పు మీది వాననీరే సిమెంటు తొట్టెలోకి. తొలి జల్లు బయటికి వదిలెయ్యాలి, మూత బిగించాలి, లేకుంటే దోమలు. 2005లో కర్తాలా పేలినప్పుడు బూడిద ఈ తొట్లలోనే పడి తాగునీళ్లు పాడయ్యాయి. బూడిద రాలుతుంటే ముందు కప్పు నుంచి తొట్టెలోకి వెళ్లే గొట్టం ఊడదీయాలి. కప్పు ఊడ్చాకే మళ్లీ తగిలించాలి.

అదే దేశంలోని అంజువాన్ దీవి పాతది, మట్టి పట్టింది, వాగులున్నాయి. అడవి నరికేశాక వాటిలో చాలావరకు ఏడాదంతా పారడం మానేశాయి.